బందరు పాత ప్రకటనలు: మందులవారు, డాక్టర్లు, బీమా కంపెనీలు. మీ అటకల మీద ఏమైనా మిగిలాయా?

కోనేరు సెంటర్ | మార్చి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బందరులో పుట్టి పెరిగినవాణ్ణి, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. రెండేళ్ళుగా ఒక పని నెత్తికెత్తుకున్నాను. 1900 నుంచి 1947 వరకు మా ఊళ్ళో ఎవరు ఏమి అమ్మారు, ఏ వైద్యుడు ఏ పేటలో కూర్చున్నాడు, ఏ బీమా కంపెనీ ఎవరి పేరు చెప్పి జనాన్ని నమ్మించింది అన్నది పాత ప్రకటనల నుంచి ఏరి ఒకచోట రాసి పెట్టాలని నా ఆశ.

మచిలీపట్నం గురించి రాసినవారికి కొదవ లేదు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లలోనే డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ముగ్గురూ కనిపిస్తారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన దాదాపు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకున్నదని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల గురించి చదవడానికి ఎంతైనా దొరుకుతుంది. కానీ 1925లో ఒక గుమాస్తా తన కూతురి చలిజ్వరానికి ఏ మందు కొన్నాడు, లాంతరు గాజు పగిలితే ఏ దుకాణానికి వెళ్ళాడు అని అడిగితే చెప్పే పుస్తకం లేదు. చెప్పగలిగినవి ప్రకటనలే.

కృష్ణా పత్రిక 1902లో ఇక్కడే పుట్టడం మా అదృష్టం. ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకులు. వార్తల పక్కనే అచ్చయ్యాయి కాబట్టి అందులో ప్రకటనలు కొన్నయినా మిగిలాయి. మాసపత్రికల దగ్గరే గుండె చెరువవుతోంది. గ్రంథాలయాల్లో బైండు చేసిన సంపుటాలు తెరిస్తే కథలున్నాయి, పద్యాలున్నాయి, పుస్తక సమీక్షలున్నాయి. ప్రకటనలు మాత్రం మచ్చుకు ఒకటి కూడా లేవు. ఎవరో పనిగట్టుకొని తీసేసినట్టు శుభ్రంగా పోయాయి.

అందుకే అడుగుతున్నాను. విడి సంచికలు, అట్టలు, కరపత్రాలు, దుకాణాల కేటలాగులు, పంచాంగాల చివరి పుటలు, బీమా కాగితాలు, ఏమున్నా ఫోటో తీసి పెట్టండి. బందరువే కానక్కరలేదు.

భారతి పాఠకురాలు | మార్చి 2, రాత్రి 11:05

మీ బాధ నాకు అనుభవమే. నా పరిశోధన కోసం ఆరు గ్రంథాలయాల్లో అవే సంపుటాలు వెతికాను. ఆరింటిలోనూ అదే కథ. మాసపత్రికల్లో ప్రకటనలకు విడి కాగితాలు ఉండేవి, ముందు కొన్ని, వెనక కొన్ని. అసలు పత్రిక పుటల సంఖ్య వరుసగా సాగిపోతుంది, ప్రకటనల పుటలకు ఆ సంఖ్య ఉండదు. కాబట్టి తీసేసినా ఎక్కడా తెగినట్టు తెలియదు. మనం ఈనాడు కంప్యూటర్‌లో చూస్తున్న ప్రతులు చాలావరకు అలా గుల్ల చేసిన సంపుటాల నుంచి తీసినవే.

ప్రకటన అంటే పత్రికకు అంటుకున్న మురికి అన్నట్టు చూశారు మన పెద్దలు. నిజానికి తెలుగు పత్రిక నిలబడింది వాటి మీదే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ రాబడితోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయింది, 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. తలనొప్పి మందు పత్రికను పోషించింది, పత్రిక ఆ మందు పేరును ఊరూరా మోసుకెళ్ళింది. ఈ రెండింటినీ విడదీసి ఒకదాన్ని దాచి ఒకదాన్ని పారేస్తే చరిత్రలో సగమే మిగులుతుంది.

ఇంకొకటి. మద్రాసులో కేసరి కుటీరం వారి లోధ్ర ప్రకటనలు. కె.ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టడానికి ముందే ఆ మందు ఇళ్ళల్లోకి వెళ్ళింది. నెలసరి బాధలు, గర్భాశయ వ్యాధులు అని అచ్చులో చదవడం ఆనాటి ఆడవాళ్ళకు ఎలా ఉండేదో ఆలోచించండి. అత్తగారితోనూ చెప్పుకోలేని నొప్పికి అక్కడ ఒక పేరు దొరికింది. ఆ మందు ఎంత పనిచేసింది అన్నది నాకు రెండో ప్రశ్న.

గోదావరి గట్టు | మార్చి 3, ఉదయం 6:50

కోనేరు సెంటర్ గారూ, చిలకలపూడి నగలను మరిచిపోవద్దు! మా నానమ్మ పెళ్ళికి ఆ పూత గాజులు పోస్టులో వచ్చాయని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తపాలా బంట్రోతు పెట్టె తెచ్చాడు, మా ముత్తాత డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, అప్పుడు గానీ పెట్టె చేతికివ్వలేదట. అదే వి.పి. (వాల్యూ పేయబుల్) పద్ధతి. ఊరు దాటి వ్యాపారం చేసినవాళ్ళందరికీ అదే ఆధారం.

కోనేరు సెంటర్ | మార్చి 3, ఉదయం 8:15

చాలా మంచి సంగతి గుర్తు చేశారు. తపాలా శాఖ 1877లో వి.పి. పద్ధతి పెట్టింది. సరుకు చేరిన చోటే డబ్బు వసూలు చేసి అమ్మినవాడికి పంపుతుంది. ఆ ఒక్క ఏర్పాటు లేకపోతే బందరు కంసాలి ఎక్కడ, గోదావరి అవతల మీ నానమ్మగారు ఎక్కడ! 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు వచ్చాక పార్సెళ్ళు ఇంకా ఊపందుకున్నాయి.

అందుకే ఆ ప్రకటనల్లో చివరి రెండు పంక్తులు నాకు చాలా ఇష్టం. తపాలా ఖర్చులు ప్రత్యేకము, కేటలాగు ఉచితము, ఏజెంట్లు కావలెను. పై భాగమంతా గొప్పలు, ఆ కింద అసలు వ్యాపారం. ధర కూడా చూడండి, రు. 1-4-0 అని గీతలతో ఉంటుంది. రూపాయి, నాలుగు అణాలు, పైలు లేవు అని. పదహారు అణాలు రూపాయి, పన్నెండు పైలు అణా. మా అమ్మాయికి చూపిస్తే ఫోను నంబరు అనుకున్నది.

పల్లెటూరి డాక్టరు | మార్చి 3, మధ్యాహ్నం 2:30

పెద్దలు మన్నించాలి, మీ ఉత్సాహానికి అడ్డు చెబుతున్నాను. నేను ముప్పై ఏళ్ళుగా పల్లెల్లో వైద్యం చేస్తున్నాను. ఆ ప్రకటనలను ముచ్చటగా చూసుకోవడం నాకు మింగుడుపడదు. ఒకే బుడ్డి మేహానికి, మూలశంకకు, మతిమరుపుకు పనిచేస్తుందని అచ్చువేశారు. పథ్యం అక్కరలేదన్నారు. మూడు రోజుల్లో గుణం అన్నారు. ఆ మాట నమ్మి అసలు వైద్యుడి దగ్గరకు ఆలస్యంగా వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు.

సీసాలో ఏముందో చెప్పాలన్న నియమం అప్పట్లో లేదు. కొన్ని జ్వరం మందుల్లో పనిచేసింది క్వినైను ఒక్కటే. అదే క్వినైను ప్రభుత్వం తపాలా కార్యాలయాల్లో చిన్న పొట్లాలుగా కారుచౌకగా అమ్మించింది. పేదవాడు దాన్ని వదిలి రూపాయి పెట్టి బుడ్డి కొన్నాడంటే అది ప్రకటన మహిమే. ఈ అరాచకం మీద కల్నల్ చోప్రా సంఘం 1930-31లో విచారణ చేసింది. మందుల చట్టం రావడానికి 1940 దాకా పట్టింది. అద్భుతాలు చేస్తామనే ప్రకటనలను నిషేధించిన చట్టం 1954లో గానీ రాలేదు. మీ సంకలనంలో ఇది కూడా రాయండి.

కోనేరు సెంటర్ | మార్చి 3, రాత్రి 10:20

డాక్టరుగారూ, తప్పకుండా రాస్తాను. మీరు చెప్పినది లేకపోతే నా పని అబద్ధమవుతుంది.

మీ మాట చదివాక నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న మళ్ళీ లేచింది. ఆయుర్వేద పండితుల ప్రకటనలు కుప్పలుగా ఉన్నాయి. బందరులోనే పుట్టిన దీవి గోపాలాచార్యులుగారి మద్రాసు ఆయుర్వేదాశ్రమం పేరు, వారి జీవామృతం పేరు ఏ పత్రిక తిరగేసినా తగులుతాయి. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్లవి మాత్రం చాలా అరుదు. ఊళ్ళో వాళ్ళు లేక కాదు. ఎందుకు?

పల్లెటూరి డాక్టరు | మార్చి 4, ఉదయం 7:10

అది వృత్తి మర్యాద. మద్రాసు రాజధానిలో 1914లో వైద్యుల నమోదు చట్టం వచ్చింది. పట్టిక కెక్కిన డాక్టరు తన గురించి తాను చాటుకోవడం వృత్తికి తలవంపులు తెచ్చే పని. పట్టికలోంచి పేరు కొట్టేస్తారన్న భయం కూడా ఉండేది. బోర్డు మీద పేరు, పట్టా, చూసే వేళలు, అంతవరకే. మా గురువుగారు బోర్డు మీద అక్షరాలు పెద్దవయ్యాయని తిరిగి రాయించారు. ఆ పట్టింపు నాకు గౌరవంగానే అనిపిస్తుంది.

కానీ దాని ఫలితం చూడండి. చదువుకున్నవాడు నోరు మూసుకున్నాడు, పత్రిక పుట అంతా మిగతావారి చేతికి వెళ్ళింది.

విశ్రాంత బీమా ఉద్యోగి | మార్చి 4, ఉదయం 11:45

నేను 1968లో జీవిత బీమా సంస్థలో గుమాస్తాగా చేరి, పెద్ద పదవితోనే బయటికి వచ్చాను. నా మొదటి అధికారులంతా పాత ప్రైవేటు కంపెనీల నుంచి వచ్చినవారు. వారి దగ్గర విన్నవి కొన్ని చెబుతాను.

డాక్టరుగారు అన్న మర్యాదలో ఒక సన్నని దారి ఉండేది. అది బీమా. ప్రతి కంపెనీకీ ప్రతి పట్టణంలోనూ పరీక్ష చేసే వైద్యుడు కావాలి. ఎత్తు, బరువు, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కొలత, వదిలినప్పుడు కొలత, నడుము కొలత, నాడి, మూత్ర పరీక్ష. తండ్రి ఏ వయసులో పోయాడు, ఏ జబ్బుతో, అన్నదమ్ములు ఎందరు బతికి ఉన్నారు. ఇన్నీ అడిగి రాసిచ్చినందుకు ఫీజు కంపెనీ ఇచ్చేది. ఫలానా కంపెనీ వైద్యుడు అన్న పేరు ఊళ్ళో పాకితే ఆ డాక్టరుకు వేరే ప్రకటన దేనికి? ఆ రోజుల్లో ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా డాక్టరు గడప తొక్కేవాడంటే ఆ పరీక్ష కోసమే.

ఇక బందరు సంగతి. దేశం మొత్తం మీద బీమా చరిత్రలో మీ ఊరికి ప్రత్యేకమైన చోటు ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్వయంగా డాక్టరు, మద్రాసులో చదివి మీ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టినవారు. ఉద్యమం కోసం దాన్ని వదిలేశారు. 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. ఇన్నిటి వెనకా ఆయనే. ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల మూలధనంతో మీ ఊళ్ళో తలుపులు తెరిచింది.

ఆ కంపెనీల ప్రకటనల్లో లెక్కల కంటే పేర్లు పెద్దవిగా ఎందుకుంటాయో తెలుసా? అంతకుముందు జనం దెబ్బ తిని ఉన్నారు. స్వదేశీ ఊపులో చిన్న చిన్న ప్రావిడెంటు సంఘాలు పుట్టగొడుగుల్లా లేచాయి. అణాల్లో చందా, చనిపోయినా పెళ్ళయినా డబ్బు, వసూలైనదాన్ని ఆ ఏడాది క్లెయిములకు పంచడం. పంచుకోవడానికి మనుషులు ఎక్కువై, కట్టేవారు తగ్గగానే సంఘం కూలేది. వాటిని అదుపులో పెట్టడానికే 1912లో రెండు చట్టాలు వచ్చాయి, ఒకటి జీవిత బీమా కంపెనీలకు, ఒకటి ప్రావిడెంటు సంఘాలకు. 1938 చట్టం ఆ పంపకం పద్ధతినే నిషేధించింది. ఒకసారి కాలినవాడికి ప్రీమియం పట్టిక చూపిస్తే నమ్మడు. డైరెక్టర్లు ఎవరో చూపించాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన మనిషి నా డబ్బు తినడు అన్నది ఆ నమ్మకం.

భారతి పాఠకురాలు | మార్చి 4, మధ్యాహ్నం 1:00

మాస్టారూ, ఇది ఇన్నాళ్ళూ నేను పట్టుకోలేకపోయిన సంగతి. బీమా ప్రకటనల్లో స్వదేశీ అన్న మాట పదే పదే కనిపిస్తే ఉద్యమ ప్రభావం అనుకుని వదిలేశాను. దాని కింద ఇంత భయం ఉందని తెలియదు. తెల్లవారి కంపెనీలు మన ప్రాణానికి ఎక్కువ ప్రీమియం అడిగేవన్నది నిజమేనా?

విశ్రాంత బీమా ఉద్యోగి | మార్చి 4, మధ్యాహ్నం 3:20

నిజమే అమ్మా. భారతీయుల ఆయువు తక్కువ అని అదనపు ప్రీమియం వేసేవారు, లేదా అసలు తీసుకునేవారు కాదు. 1870లో పుట్టిన బొంబాయి మ్యూచువల్ మామూలు రేటుకే భారతీయులకు బీమా ఇచ్చి ఆ గోడ పగలగొట్టింది. 1874లో ఓరియంటల్ వచ్చింది. మద్రాసులో 1906లో యునైటెడ్ ఇండియా. ఆడవాళ్ళకు మాత్రం అప్పటికీ తలుపులు సగమే తెరిచారు. ప్రసవ భయం చెప్పి ఎక్కువ అడగడమో, వద్దనడమో చేసేవారు. ప్రకటనలో భార్య బొమ్మ ఉంటుంది, బిడ్డ బొమ్మ ఉంటుంది, పాలసీ మాత్రం భర్తదే.

న్యూజెర్సీ నుంచి | మార్చి 5, ఉదయం 5:35

ఈ చర్చ చదువుతుంటే చేతులు ఆగలేదు. మాది దివి ప్రాంతం. నాన్నగారు పోయాక ఆయన పెట్టె నాతో ఇక్కడికి తెచ్చుకున్నాను. అందులో మా తాతగారి బీమా బాండు ఉంది. 1926, వెయ్యి రూపాయలు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. బాండు చుట్టూ ఆకుపచ్చ లతల అంచు, కింద ఇద్దరు డైరెక్టర్ల సంతకాలు. దానితో పాటు సూదితో గుచ్చి దారం కట్టిన రసీదులు ఏడు. ఆఖరి రసీదు 1930 జనవరిది.

నాకు అర్థం కానిది ఇంకొక కాగితం. తాతగారి జాతకచక్రం, చేతిరాత. దాని మీద అడ్డంగా ఊదారంగు సిరాతో కంపెనీ ముద్ర. జాతకం మీద బీమా కంపెనీ ముద్ర ఏమిటి? ఇంకా, ఈ బాండుకు ఇప్పుడు విలువ ఉంటుందా అని మా తమ్ముడు అడుగుతున్నాడు. నాకు డబ్బు సంగతి ముఖ్యం కాదు, ఎందుకు ఆగిపోయిందో తెలిస్తే చాలు.

విశ్రాంత బీమా ఉద్యోగి | మార్చి 5, ఉదయం 9:00

అమ్మాయీ, ఆ ముద్ర వయసు ఒప్పుకున్నట్టు గుర్తు. పుట్టిన తేదీకి ప్రభుత్వ కాగితం ఎవరి దగ్గర ఉండేది ఆ రోజుల్లో? సిద్ధాంతి రాసిన జాతకమే సాక్ష్యం. కంపెనీ దాన్ని తెప్పించుకుని, చూసి, ముద్ర వేసి తిరిగి పంపేది. నా ఉద్యోగంలో కూడా అలాంటివి వందలు చూశాను. సిద్ధాంతి చేతిరాతను, సిరా పాతదనాన్ని చూసి నిన్న రాయించినదా, ఆనాటిదా అని పసిగట్టడం మాకు నేర్పేవారు.

విలువ గురించి. 1956 జనవరి 19న ఆర్డినెన్సుతో ప్రభుత్వం జీవిత బీమాను చేతుల్లోకి తీసుకున్నది. సెప్టెంబరు 1న సంస్థ ఏర్పడింది. 245 కంపెనీలు, సంఘాలు అందులో కలిశాయి. అప్పటికి బతికి ఉన్న పాలసీలన్నిటి బాధ్యతా సంస్థకు వచ్చింది. కానీ డబ్బు చెల్లించినప్పుడు బాండు వెనక్కి తీసుకుంటారు. మీ చేతిలో బాండు ఉందంటే డబ్బు తీసుకోలేదని, రసీదులు 1930లో ఆగాయంటే పాలసీ అప్పుడే ఆగిపోయిందని అనుకోవాలి. మూడేళ్ళు కట్టి ఆపితే కొంత విలువ మిగలాలన్న నియమం చట్టంలోకి వచ్చింది 1938లో. అంతకుముందు కంపెనీ షరతులు ఎలా ఉంటే అలా. బాండు వెనకవైపు ఉండే షరతులు ఫోటో తీసి పంపండి, చదివి చెబుతాను.

1930లో మీ తాతగారు ఏమి చేస్తుండేవారు?

న్యూజెర్సీ నుంచి | మార్చి 5, ఉదయం 9:25

జైల్లో ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహం. మే నెలలో పట్టుకున్నారని నాన్న చెప్పేవారు. ఇప్పుడు అర్థమైంది.

విశ్రాంత బీమా ఉద్యోగి | మార్చి 5, ఉదయం 9:40

ఆ బాండును జాగ్రత్తగా దాచండి తల్లీ. జాతకాన్ని కూడా. రెండిటినీ విడదీయవద్దు.

గోల్కొండ నీడ | మార్చి 6, రాత్రి 8:30

హైదరాబాదు వైపు నుంచి నాలుగు మాటలు. మా దగ్గర 1926లో గోలకొండ పత్రిక వచ్చేదాకా తెలుగులో ప్రకటన వేయడానికి చోటు చాలా తక్కువ. ప్రకటనను మా తాతల తరం ఇస్తిహారు అనేది. మీ బందరు, మద్రాసు మందులు మా ఊళ్ళకూ వచ్చాయి. అయితే ధర దగ్గరే తిరకాసు. నైజాములో నిజాం వారి హాలీ సిక్కా రూపాయి, బయట ఇంగ్లీషువారి కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే దాదాపు ఆరు కల్దారు రూపాయలు. రెండు రూపాయలని అచ్చయితే ఏ రూపాయి అని అడగాలి. మా మేనత్త ఇంట్లో ఒక దుకాణం కేటలాగు ఉంది, అందులో ధరల పక్కన పెన్సిలుతో హాలీ లెక్క కట్టి ఉంది. కొన్నవాడు ఎన్నిసార్లు కూడి తీసి చూసుకున్నాడో, కాగితం అక్కడ నలిగి మెత్తబడింది. రేపు ఫోటో పెడతాను.

పల్లెటూరి డాక్టరు | మార్చి 7, ఉదయం 7:30

భారతి పాఠకురాలు గారూ, మొన్న మీరు మందు పనిచేసిందా లేదా అన్నది రెండో ప్రశ్న అన్నారు. నాకు అదే మొదటి ప్రశ్న. గాంధీగారు తన పత్రికల్లో ప్రకటనలే వద్దన్నారు. చందాలతోనే నడపాలన్నారు. మన జాతీయ పత్రికలు సంపాదకీయంలో స్వరాజ్యం, వెనక పుటలో ధాతుపుష్టి లేహ్యం వేశాయి. ఈ సంగతి ఒప్పుకోవడానికి మనకు సంకోచం ఎందుకు?

భారతి పాఠకురాలు | మార్చి 7, ఉదయం 10:10

సంకోచం లేదు డాక్టరుగారూ. కానీ గాంధీగారి పత్రికకు దేశమంతా చందాదారులు. బందరులో వారపత్రిక నడిపేవారికి కాగితం వాడు, అచ్చు వాడు, పైగా 1910 ప్రెస్ చట్టం కింద ప్రభుత్వం ఎప్పుడు ధరావతు అడుగుతుందో తెలియని భయం. ప్రకటనలు వద్దంటే పత్రికే లేదు. మీరు అడిగిన మొదటి ప్రశ్న మీది, నేను దాన్ని కాదనను. ఆ మందు కొన్న మనిషికి ఇంకేమి దిక్కు ఉండేది అన్నది నాది. తాలూకాకు ఒక ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడికి బండి కట్టుకుని పగలంతా ప్రయాణం. లేడీ డాక్టరు జిల్లా కేంద్రంలో ఉంటే ఉంది. లోధ్ర పోస్టులో గడపకు వచ్చింది.

పల్లెటూరి డాక్టరు | మార్చి 7, ఉదయం 11:00

గడపకు వచ్చింది అన్న మాట ఒప్పుకుంటున్నాను. ఇవాళ కూడా మా దగ్గరకు రానివాళ్ళు రాకపోవడానికి కారణం చాలాసార్లు దూరమే.

అట్టలు కుట్టేవాడు | మార్చి 8, మధ్యాహ్నం 12:15

నమస్కారమండీ. మాది మూడు తరాలుగా బైండింగు పని. రాజమండ్రి. ఇక్కడ రాసేంత చదువు నాకు లేదు గానీ, ప్రకటనలు ఎక్కడికి పోయాయి అన్నదానికి సమాధానం మా ఇంట్లో ఉంది. వాటిని తీసేసింది మా తాత, మా నాన్న.

ఏడాది సంచికలు పన్నెండు తెచ్చి ఇచ్చేవారు గ్రంథాలయం వారు. మొదటి పని కుట్టు విప్పడం, అట్టలు తీయడం. అట్టలతో పాటు ఆ రంగు కాగితాలు, పల్చటి కాగితాలు తీసేసేవారు. ఎందుకంటే అవి ఉంటే సంపుటం లావై వీపు నిలవదు. నాసిరకం కాగితం, మూలలు విరిగి పక్క పుటలను కూడా చెడగొడుతుంది. పైగా సంపుటానికి ఇంత అని కూలి. లావు పెరిగితే దారం, బట్ట మాకే నష్టం. తీయమని చెప్పినవారూ ఉన్నారు, చెప్పకపోయినా తీసినవారమూ ఉన్నాము. చదివేవారు దాని కోసం ఇంత వెతుకుతారని ఆ రోజు ఎవరికి తెలుసు.

అయితే మేము కాగితం పారేసేవాళ్ళం కాదండీ. అప్పట్లో గట్టి అట్ట కొనడం ఖర్చు. పాత కాగితాలు ఒకదాని మీద ఒకటి అతికించి, రాయి బరువు పెట్టి ఎండబెట్టి అట్ట చేసేవారు. వీపు లోపల, కుట్టు మీద అతికే పట్టీలు కూడా ఆ ముక్కలే. మీరు వెతికే ప్రకటనలు వేరే పుస్తకాల అట్టల్లో, వీపుల్లో ఉంటాయి. 1960 ముందు బైండు చేసి, ఇప్పుడు ఊడిపోయిన పుస్తకం ఏదైనా చూడండి.

కోనేరు సెంటర్ | మార్చి 8, మధ్యాహ్నం 12:40

అయ్యా, మీకు చేతులెత్తి నమస్కారం. రెండేళ్ళలో ఎవరూ చెప్పని మాట చెప్పారు. మా పక్కింటి మాస్టారి దగ్గర వీపు ఊడిన పాత భాగవతం ఒకటి ఉంది. అడిగి తెస్తాను. ఎలా విప్పాలి?

అట్టలు కుట్టేవాడు | మార్చి 8, మధ్యాహ్నం 1:30

తొందరపడి నీళ్ళు పోయవద్దు. ఆనాటి బంక మైదాపిండిది, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. పొడిగా లాగితే కాగితం పొర ఊడి అక్షరాలు దాని వెంట పోతాయి. పల్చటి నూలుబట్టను తడిపి గట్టిగా పిండి, పట్టీ మీద పరిచి, పావుగంట ఆగండి. బంక ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు వెదురు పుల్ల, చదునుగా చెక్కినది, అంచు కిందికి దూర్చి కొంచెం కొంచెంగా లేపండి. సిరా పాకుతుంటే వెంటనే ఆపేయండి. ఎండలో పెట్టవద్దు. రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టి పైన పుస్తకాలు బరువు పెట్టండి.

భాగవతం మాత్రం మళ్ళీ కుట్టించి ఇవ్వండి. కావాలంటే నాకు పంపండి, డబ్బు వద్దు.

కోనేరు సెంటర్ | మార్చి 15, రాత్రి 11:50

వారం పట్టింది. మీరు చెప్పినట్టే చేశాను. వీపులో నాలుగు పట్టీలు వచ్చాయి. రెండు ఏదో లెక్కల పుస్తకంవి. మూడోది ఖాళీ కాగితం.

నాలుగోది బెత్తెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. పసుపురంగు కాగితం. పైన లాంతరు బొమ్మ అడుగు భాగం, నూనె పోసే బుడ్డి, వత్తి తిప్పే చిన్న చక్రం వరకు కనిపిస్తుంది, గాజు తెగిపోయింది. దాని కింద పెద్ద అక్షరాల్లో గాజులు, వత్తులు, ఆ తరువాత సగం మాట. చివరి పంక్తిలో యిపేట, మచిలీప అని ఉంది. మా ఊళ్ళో యిపేటతో ముగిసేది నాకు తెలిసినంతలో బుట్టాయిపేటే. రెండేళ్ళుగా అడుగుతున్న లాంతరు గాజు దుకాణం మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేదన్నమాట. పేరు ఇంకా తెలియదు. రేపు ఉదయం ఆ పేటలో పెద్దవాళ్ళ దగ్గరకు వెళుతున్నాను.

అట్టలు కుట్టేవాడు | మార్చి 16, ఉదయం 5:45

తిరగేసి చూశారా? అటువైపు కూడా అచ్చు ఉంటుంది.

కోనేరు సెంటర్ | మార్చి 16, ఉదయం 6:30

చూడలేదు! ఇప్పుడే తిరగేశాను. బంక మరకల కింద అంకెలు. ఎడమ వరుసలో 24 నుంచి 31 వరకు, కుడి వరుసలో ఒక్కొక్క దానికీ రూపాయలు, అణాలు గీతలతో. కిందికి పోయేకొద్దీ మొత్తం పెరుగుతోంది. పైన తెగిన మాటలో మియము అన్నంత వరకే ఉంది.

విశ్రాంత బీమా ఉద్యోగి | మార్చి 16, ఉదయం 7:05

ప్రీమియము. వయసుల పట్టిక అది, బాబూ. ఎనిమిది వరుసలూ అణాలతో సహా తప్పు లేకుండా రాసి పంపండి. ఎన్నేళ్ళ పాలసీయో, లాభాలతోనో లాభాలు లేకుండానో ఆ పెరుగుదల చూస్తే తెలుస్తుంది. న్యూజెర్సీ అమ్మాయి బాండులో తాతగారి వయసు, ప్రీమియం రెండూ ఉంటాయి కదా. వాటిని కూడా పంపమనండి, పక్కపక్కన పెట్టి చూస్తాను.